తన బండి పుట్టుకను తానే చూసుకున్నవాడు - జి.డి. నాయుడు



పోయిన వార్షికోత్సవానికి మేము చాపాడు వచ్చినప్పుడు ఎనిమిదో తరగతి తమ్ముడొకడు మమ్మల్ని ఒక ప్రశ్న అడిగాడు. కారు కొనుక్కున్నవాళ్ళు ఫ్యాక్టరీకి పోయి, తమ కారును తయారుచేస్తుండగా చూడవచ్చునా అని. పక్కనున్న పిల్లలంతా నవ్వారు. మేమూ నవ్వాము. మన హాస్టల్లో చదివే పిల్లల ఇళ్ళలో కారు కాదు గదా, సొంత మోటారు సైకిలు ఉన్న ఇళ్ళే తక్కువ. కొనేదెప్పుడు, చూసేదెప్పుడు అనుకున్నాము. కానీ ఆ రాత్రి ప్రొద్దుటూరు బస్సులో తిరిగి పోతూ ఆలోచిస్తే, నవ్వినందుకు మాకే సిగ్గనిపించింది. వాడు అడిగింది కారు కొనడం గురించి కాదు. ఒక వస్తువు ఎట్లా పుడుతుందో చూడాలనే కోరిక గురించి. ఆ కోరికకు మనం నవ్వకూడదు.

అందుకే ఈ ఏడాది సంచికకు ఏం రాయాలని సంపాదక మిత్రులు అడిగినప్పుడు ఆ తమ్ముడికి జవాబే రాస్తామని చెప్పాము. జవాబు వెతుకుతూ పోతే అది ఒక మనిషి జీవితకథ దగ్గర ఆగింది. ఆయన పేరు జి.డి. నాయుడు.

ముందు ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పి తర్వాత ఆయన కథలోకి పోదాము.

అవును తమ్ముడూ, చూడవచ్చు. అట్లా చూపించిన ఫ్యాక్టరీలు లోకంలో ఉన్నాయి. జర్మనీలో డ్రెస్డెన్ అనే నగరంలో ఫోక్స్‌వ్యాగన్ కంపెనీ 2001లో ఒక ఫ్యాక్టరీ తెరిచింది. దాని గోడలు అద్దాలవి. నేల మీద చెక్క పలకలు పరిచారు. ఫేటన్ అనే ఖరీదైన కారు కొన్నవాళ్ళు అక్కడికి వచ్చి తమ కారును బిగిస్తుండగా కళ్ళారా చూసుకునేవారు. ఆ కారు తయారీ 2016లో ఆగిపోయింది.

మన రాయలసీమలోనూ కార్ల ఫ్యాక్టరీ వచ్చింది. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కంపెనీకి 2017లో ఒప్పందం కుదిరింది. 536 ఎకరాల స్థలం, ఏడాదికి 3 లక్షల కార్లు చేయగల సామర్థ్యం. 2019 ఆగస్టులో సెల్టోస్ అనే మొదటి కారు బయటికి వచ్చింది. ఒకప్పుడు కరువుకూ వలసకూ పేరుపడ్డ ఆ నేల మీద ఇప్పుడు ఇనుప రేకు ఒకవైపు లోపలికి పోయి, మరోవైపు కారై బయటికి వస్తోంది. రేకును అచ్చులో నొక్కడం, ముక్కలను అతికి బాడీ చేయడం, రంగు వేయడం, చివరికి ఇంజనూ చక్రాలూ సీట్లూ బిగించడం - ఇవీ ఏ కార్ల ఫ్యాక్టరీలోనైనా ఉండే నాలుగు పెద్ద అంగళ్ళు.

అయితే ఇందులో ఒక విచిత్రముంది. డబ్బు పెట్టి కొన్నవాడు అద్దం అవతల నిలబడి చూస్తాడు, చేయి వేయడు. ఫ్యాక్టరీలో పనిచేసేవాడు చేయి వేస్తాడు కానీ తన ముందుకు వచ్చిన ఒక్క బోల్టే బిగిస్తాడు, మొత్తం బండి పుట్టుక అతనికి కనిపించదు. ఈ పద్ధతిని అమెరికాలో హెన్రీ ఫోర్డ్ 1913లో పెట్టాడు. మనిషి బండి దగ్గరికి పోకుండా బండే మనిషి దగ్గరికి కదిలి వచ్చే వరుస అది. అంతకుముందు ఒక కారు చట్రం బిగించడానికి పన్నెండున్నర గంటలు పట్టేది, ఆ వరుస వచ్చాక గంటన్నర చాలింది. కార్లు చవకయ్యాయి, మంచిదే. కానీ కొన్నవాడికీ చేసినవాడికీ కూడా బండి మొత్తం తెలియకుండా పోయింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే మన దక్షిణాదిలో ఒక పల్లెటూరి తెలుగు యువకుడు తన బండి పుట్టుకను మొదటి నుంచి చివరిదాకా చూశాడు. ఏ ఫ్యాక్టరీ వాళ్ళూ ఆయనను రమ్మని పిలవలేదు. ఆయన చేసిందల్లా తాను కొన్న బండిని తానే విప్పడం, తానే బిగించడం.

కలంగల్ కుర్రవాడు

గోపాలస్వామి దొరైస్వామి నాయుడు 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే పల్లెలో పుట్టారు. తండ్రి వ్యవసాయదారుడు. విజయనగర కాలం నుంచీ తెలుగు రైతు కుటుంబాలు అనేకం దక్షిణానికి వలసపోయి తమిళ నేల మీద స్థిరపడ్డాయి. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే అటువంటి సమాజంలో నాయుడు గారు పెరిగారు.

చిన్నప్పుడు ఆయనకు బడి అంటే గిట్టేది కాదు. అయ్యవార్ల మీద ఇసుక చల్లి దెబ్బలు తిన్నాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. ప్రాథమిక చదువుతోనే బడికి స్వస్తి చెప్పారు. తమ్ముళ్ళారా, ఈ మాట చదివి సంతోషపడకండి. ఈ సంగతి గురించి చివర మాట్లాడుకుందాము.

ఇరవై ఏళ్ళ వయసులో ఆయన జీవితాన్ని మలుపు తిప్పిన సంఘటన జరిగింది. ఒక ఆంగ్లేయ రెవిన్యూ అధికారి మోటారు సైకిలు మీద వచ్చాడు. ఎద్దు లేదు, గుర్రం లేదు, తొక్కే పెడలు లేదు. అయినా బండి పరుగెత్తుతోంది. అందరూ దాన్ని వింతగా చూసి ఊరుకున్నారు. నాయుడు గారికి మాత్రం లోపల ఏముందో చూడాలనిపించింది. లోపల చూడాలంటే విప్పాలి. విప్పాలంటే అది తనదై ఉండాలి. పరాయివాడి బండిని విప్పనిస్తారా?

అది 1912 నాటి రడ్జ్ బండి, ఇంగ్లండులో తయారైనది. నాయుడు గారు ఊరు విడిచి కోయంబత్తూరు పోయారు. ఒక హోటల్లో సర్వరుగా చేరారు. ఎంగిలాకులు తీసి, బల్లలు తుడిచి, టిఫిన్లు అందించి పైసా పైసా కూడబెట్టారు. రైతు ఇంటి బిడ్డ హోటల్లో పనిచేయడమంటే ఆ రోజుల్లో ఊళ్ళో తలవంపులుగా చూసేవారు. ఆయన ఆ మాటలను లెక్కచేయలేదు. చివరికి అదే అధికారి దగ్గర అదే బండిని మూడు వందల రూపాయల దాకా పెట్టి కొన్నారు.

బండి విప్పిన చేయి

ఎవరైనా బండి కొంటే ఏం చేస్తారు? పూలదండ వేసి, టెంకాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, ఊరంతా ఒక చుట్టు తిరుగుతారు. నాయుడు గారు బండిని ముక్కలు ముక్కలుగా విప్పారు. తర్వాత మళ్ళీ బిగించారు.

చెప్పడానికి ఇది ఒక్క వాక్యమే. కానీ ఆ రోజుల్లో దాని అర్థమేమిటో ఆలోచించండి. ఆ ప్రాంతంలో అడిగి తెలుసుకుందామంటే మెకానిక్ షెడ్లు లేవు. ఒక్క స్క్రూ పోతే ఇంగ్లండు నుంచి రావాలి. మళ్ళీ బిగించడం చేతకాకపోతే హోటల్లో కష్టపడి కూడబెట్టిన డబ్బంతా ఒక ఇనుప కుప్పై మూల పడి ఉంటుంది.

ఆ బండిలో ఏముంటుందో పదో తరగతి తమ్ముళ్ళకు రెండు మాటల్లో చెబుతాము. అప్పటి రడ్జ్ బండికి ఒకటే సిలిండరు, 499 సిసి. సిలిండరులో పిస్టన్ కిందికీ పైకీ ఆడుతుంది. మొదటిసారి కిందికి దిగినప్పుడు పెట్రోలు ఆవిరి కలిసిన గాలిని లోపలికి పీల్చుకుంటుంది. పైకి వచ్చినప్పుడు దాన్ని నొక్కుతుంది. అప్పుడు ప్లగ్గులో నిప్పురవ్వ పుట్టి ఆ గాలి భగ్గుమని మండి పిస్టన్‌ను కిందికి తోస్తుంది. మళ్ళీ పైకి వచ్చేటప్పుడు పొగను బయటికి నెట్టేస్తుంది. ఇదే నాలుగు దెబ్బల ఇంజను. ఈ నాలుగు దెబ్బల్లో ఒక్కటే బలమిచ్చేది, మిగిలిన మూడూ దానికోసం చేసే చాకిరీ. పిస్టన్ ఆటను కడ్డీ తిప్పుడుగా మారుస్తుంది. ఆ తిప్పుడును ఒక బెల్టు వెనుక చక్రానికి అందిస్తుంది. ఇంతే. ఈ నాటి కార్లలోనూ పెట్రోలు ఇంజను పనిచేసేది ఈ సూత్రం మీదనే.

నాయుడు గారికి ఈ మాటలు ఏ పుస్తకమూ చెప్పలేదు. విప్పిన ప్రతి ముక్కా అది ఎందుకున్నదో ఆయనకు తానే చెప్పింది. మోటారు సైకిలును ఇంగ్లండులో బిగించారు. దాని పుట్టుకను ఆయన కోయంబత్తూరులో చూశారు. డ్రెస్డెన్‌లో అద్దాల గోడలు కట్టడానికి 80 ఏళ్ళకు పైగా ముందే ఆయన తన బండిని తాను బిగించుకుంటూ చూశారు. అదీ అద్దం అడ్డం లేకుండా.

పోగొట్టుకొని మళ్ళీ లేచి

ఆ తర్వాత ఆయన మెకానిక్ అయ్యారు. పత్తి వ్యాపారంలోకి దిగి తిరుప్పూరులో బాగా సంపాదించారు. ఆ డబ్బు తీసుకొని బొంబాయి పత్తి బజారుకు పోయి అంతా పోగొట్టుకొని తిరిగి వచ్చారు. మన వైపు పత్తి వేసి అప్పులపాలైన ఇళ్ళ పిల్లలకు ఈ సంగతి వేరే వివరించనక్కరలేదు. పత్తి డబ్బు వచ్చినట్టే వస్తుంది, పోయినట్టే పోతుంది.

కానీ ఆయన దగ్గర బొంబాయి బజారు లాక్కోలేనిది ఒకటి మిగిలింది. అది బండి విప్పిన చేయి. కోయంబత్తూరులో రాబర్ట్ స్టేన్స్ అనే ఆంగ్లేయ పారిశ్రామికవేత్త ఆయన పనితనం చూసి చేయూతనిచ్చారు. ఆ సాయంతో 1920లో ఒక బస్సు కొన్నారు. పొల్లాచ్చి, పళని మధ్య దాన్ని నడిపారు. యజమాని ఆయనే, డ్రైవరూ ఆయనే.

ఆ ఒక్క బస్సే పెరిగి యూనివర్సల్ మోటార్ సర్వీస్ అయింది. కొన్నేళ్ళలోనే దేశంలో చక్కగా నడిచే బస్సుల సంస్థల్లో ఒకటిగా దానికి పేరు వచ్చింది. బండి లోపల తెలిసినవాడు యజమాని అయితే ఎట్లా ఉంటుందో జనం చూశారు.

మోటారు, రేజరు, రేడియో

1930లలో నాయుడు గారు యూరప్ పర్యటించారు. ఎక్కడికి పోయినా చేతిలో కెమెరా ఉండేది. 1936లో లండన్‌లో అయిదో జార్జి చక్రవర్తి అంతిమయాత్రను స్వయంగా ఫిల్ము తీశారు. జర్మనీలో రాసంట్ అనే రేజరును రూపొందించారు. బ్యాటరీ సెల్లులతో తిరిగే చిన్న మోటారుతో గడ్డం గీసే యంత్రమది. పల్లెలో బడి మానేసినవాడు చేసిన వస్తువు యంత్రాలకు పుట్టిల్లయిన దేశంలో అమ్ముడుపోవడం చిన్న సంగతి కాదు.

1937లో డి. బాలసుందరం నాయుడుతో కలిసి కోయంబత్తూరు పీలమేడులో కరెంటు మోటారు తయారుచేశారు. భారతదేశంలో తయారైన మొదటి కరెంటు మోటారుగా దాన్ని చెబుతారు. తమ్ముళ్ళారా, మన ఊళ్ళల్లో బోరుబావి దగ్గర గుంయిమని తిరిగే మోటారును ఒకసారి గుర్తు తెచ్చుకోండి. కె.సి. కాలువకు నీళ్ళు రాని ఏడు మన చాపాడు పైరును బతికించేది ఆ మోటారే. కోయంబత్తూరు తర్వాతి కాలంలో మోటార్లకూ పంపులకూ దేశంలోనే పేరుమోసిన పట్టణమైంది. ఆ పేరుకు తొలి విత్తనాల్లో ఒకటి ఆ 1937 నాటి మోటారు.

ఆయన చేసినవన్నీ చెప్పాలంటే ఈ సంచిక చాలదు. పండ్లరసం తీసే యంత్రం, కిరోసిన్‌తో తిరిగే ఫ్యాను, మోసం చేయడానికి వీలులేని ఓటు యంత్రం, చాలా పలుచని బ్లేడు. అయిదు వాల్వుల రేడియోను 70 రూపాయలకే చేసి ఇవ్వగలనని 1941లో ప్రకటించారు. పత్తిలో, మొక్కజొన్నలో, బొప్పాయిలో కొత్త రకాలు పెంచారు. సర్ సి.వి. రామన్, మోక్షగుండం విశ్వేశ్వరయ్య వంటి మహానుభావులు ఆయన తోటను చూసి పోయారు. ఎన్నికల్లో కూడా నిలబడ్డారు, 1936లో. ఓడిపోయారు. అన్నిటిలో గెలిచిన మనిషి ఎక్కడా ఉండడు.

గమనిస్తే ఈ వస్తువులన్నిటిలో ఒక పోలిక ఉంది. అవి రాజులకూ జమీందార్లకూ కాదు, మామూలు ఇళ్ళకు పనికివచ్చేవి. కరెంటు లేని ఇంటికి కిరోసిన్ ఫ్యాను, చేతిలో డబ్బు లేని ఇంటికి చవక రేడియో. పైసా పైసా కూడబెట్టి మోటారు సైకిలు కొన్న రోజులను ఆయన మరచిపోలేదు.

బడి గిట్టనివాడు కాలేజీ పెట్టాడు

1944లో ఆయన మోటారు వ్యాపారం పనుల నుంచి తప్పుకున్నారు. పరిశోధన చేసే విద్యార్థులకు సహాయం, తన కార్మికులకు, అణగారిన వర్గాలకు సంక్షేమ పథకాలు ప్రకటించారు. 1944 అంటే దేశానికి ఇంకా స్వాతంత్ర్యం రాలేదు. మన హాస్టళ్ళకు ఆధారమైన రాజ్యాంగం ఇంకా పుట్టలేదు.

అప్పటి మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ పేరిట కోయంబత్తూరులో పాలిటెక్నిక్, ఇంజనీరింగు కాలేజీ ఏర్పడ్డాయి. వాటి వెనుక ఉన్నది నాయుడు గారి కృషి, విరాళాలు. 1945లో ఆ కాలేజీకి ఆయనే ప్రిన్సిపాలు. ప్రాథమిక బడి దాటనివాడు ఇంజనీరింగు కాలేజీ ప్రిన్సిపాలు! మన దేశ చరిత్రలో ఇట్లాంటిది ఎన్నిసార్లు జరిగి ఉంటుంది?

అయితే అక్కడ ఆయన ఎక్కువ కాలం నిలవలేదు. నాలుగేళ్ళ కోర్సు దండగని, రెండేళ్ళలో అదంతా నేర్పవచ్చునని ఆయన వాదించారు. పని నేర్చుకోవడమంటే పనిముట్టు పట్టుకోవడమేనని ఆయన నమ్మకం. ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆయన రాజీనామా చేసి వచ్చేశారు. ఆ ఇంజనీరింగు కాలేజీయే ఇప్పుడు కోయంబత్తూరులో ప్రభుత్వ సాంకేతిక కళాశాలగా నడుస్తోంది.

రెండు వేల రూపాయల కారు

ఇక మన తమ్ముడు అడిగిన కారు దగ్గరికి వద్దాము.

1952లో నాయుడు గారి దగ్గర ఇద్దరు కూర్చునే పెట్రోలు కారు తయారైంది. దాని ధర 2,000 రూపాయలు. మామూలు ఉద్యోగి కూడా కొనుక్కోగల కారు కావాలన్నది ఆయన కల. మోటారు సైకిలు విప్పిన చేయి నలభై ఏళ్ళకు కారు దాకా వచ్చింది. ఇక ఫ్యాక్టరీ పెట్టి కార్లు వరుసగా చేయడమే తరువాయి.

కానీ ఆ ఫ్యాక్టరీ రాలేదు. 1951లో పరిశ్రమల చట్టం వచ్చింది. పెద్ద పరిశ్రమ పెట్టాలంటే, కొత్త వస్తువు చేయాలంటే ప్రభుత్వం లైసెన్సు కావాలి. కొరతగా ఉన్న ఇనుమూ విదేశీ డబ్బూ దేశానికి అవసరమైన చోటికే పోవాలని ఆ చట్టం ఉద్దేశం. ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ నాయుడు గారి కారుకు లైసెన్సు దొరకలేదు. తయారీ ఆగిపోయింది.

ఆ తర్వాత మన దేశంలో మామూలు కుటుంబం చవక కారు కోసం చాలా కాలం ఎదురుచూడవలసి వచ్చింది. మారుతి 800 వచ్చింది 1983 డిసెంబరులో. అంటే 31 ఏళ్ళ తర్వాత. లక్ష రూపాయల కారు అని పేరు తెచ్చుకున్న టాటా నానో అమ్మకానికి వచ్చింది 2009లో. నాయుడు గారి కారు రోడ్డెక్కి ఉంటే ఏమయ్యేదో ఎవరూ చెప్పలేరు. కానీ ఒక మాట చెప్పవచ్చు. చేయగల చేయి ఉండి కూడా చేయడానికి అనుమతి దొరకక ఆగిపోవడమంటే ఏమిటో మన పెద్దలకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. చెప్పు కుట్టే చేయి, మగ్గం నేసే చేయి, నాగలి పట్టే చేయి మనవాళ్ళది. కానీ తోలు మండీ, బట్టల దుకాణం, పొలం పట్టా వేరేవాళ్ళ పేరు మీద ఉండేవి.

నాయుడు గారు మాత్రం అక్కడితో దుఃఖపడి కూర్చోలేదు. 1967లో పారిశ్రామిక ప్రదర్శన ఏర్పాటు చేశారు. ఎవరైనా వచ్చి యంత్రాలు చూడవచ్చు. 1974 జనవరి 4న, 80 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. ఆయన పేరున్న ధర్మసంస్థ 2015లో కోయంబత్తూరు అవినాశి రోడ్డులో పాత కార్ల మ్యూజియం తెరిచింది. అదే రోడ్డు మీద 2025 అక్టోబరులో ప్రారంభమైన పది కిలోమీటర్ల పైవంతెనకు ఆయన పేరు పెట్టారు. ఒకనాడు హోటల్లో బల్లలు తుడిచిన ఊళ్ళో ఇప్పుడు బండ్లన్నీ ఆయన పేరు మీదుగా పోతున్నాయి.

మనం ఏం తీసుకోవాలి?

ఇప్పుడు చివర మాట్లాడుకుందామన్న సంగతి. నాయుడు గారు బడి మానేసి గొప్పవాడయ్యారు గనుక మనమూ మానేయవచ్చునా?

కూడదు. ఎందుకో దాపరికం లేకుండా చెబుతాము. ఆయన ఇంటికి వెనుక పొలం ఉంది. పోగొట్టుకొని వచ్చినా నిలబడడానికి నేల ఉంది. ఇంకొక మాట. 1913 ప్రాంతంలో ఆయన హోటల్లో సర్వరుగా చేరి డబ్బు కూడబెట్టారు గదా, అదే ఏడాది మన తాత ఒకడు అదే హోటలుకు పోయి ఉంటే? వడ్డించనిచ్చేవారు కాదు. చాలా హోటళ్ళలో లోపల కూర్చొని కాఫీ తాగనిచ్చేవారే కాదు. ఆయన ఎక్కిన మొదటి మెట్టే మనకు లేదు. అందుకే బాబాసాహెబ్ అంబేద్కర్ వేరే దారి తొక్కారు. న్యూయార్కు దాకా, లండన్ దాకా పోయి డిగ్రీల మీద డిగ్రీలు తెచ్చుకున్నారు. మనకు తలుపు తెరిచే తాళంచెవి కాగితమేనని ఆయనకు తెలుసు. మనం ఈ హాస్టల్లో ఉన్నామంటే, మెస్సులో అన్నం తింటున్నామంటే, ఆ కాగితం వల్లనే.

కానీ కాగితం ఒక్కటీ చాలునా? ఈ ప్రశ్నకు మా సొంత అనుభవమే జవాబు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాళ్ళం మేమే. కడపలో ఎమ్మెస్సీ భౌతికశాస్త్రం చదివాము. మా నాయన ఇరవై ఏళ్ళుగా ఒకరి ట్రాక్టరు తోలుతున్నాడు. చదువుకోలేదు. పోయిన వేసవిలో ట్రాక్టరు ఎత్తు ఎక్కలేక నల్లపొగ వదులుతుంటే, సైన్సు చదివినావు గదా, ఇది ఎందుకిట్లా చేస్తోందని నాయన మమ్మల్ని అడిగాడు. ఇంజను వేడిమి సామర్థ్యానికి సూత్రం మేము పరీక్షలో తప్పు లేకుండా రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాము. కానీ ఆ పొగ ఎందుకు నల్లగా ఉందో చెప్పలేకపోయాము. నాయన ఏమీ అనలేదు. కొంచెంసేపు చెవి ఒగ్గి శబ్దం విన్నాడు. గాలి సరిగ్గా అందడం లేదని చెప్పి ఎయిర్ ఫిల్టరు విప్పాడు. దుమ్ముతో అది పూడిపోయి ఉంది. దులిపి, కడిగి, మళ్ళీ బిగించాడు. పొగ పోయింది.

ఆ రోజు మాకు రెండు సంగతులు అర్థమయ్యాయి. ఒకటి, మేము చదివింది గాజు గోడ అవతల నిలబడి చూసినట్టే ఉంది. రెండు, మా నాయన చేతిలో ఒక విద్య ఉంది, దానికి ఏ యూనివర్సిటీ సర్టిఫికెట్టూ లేదు, ఆయన పేరు మీద ట్రాక్టరూ లేదు. ఆ మరుసటి ఆదివారం నుంచి మేము నాయనతో ప్రొద్దుటూరు షెడ్డుకు పోవడం మొదలుపెట్టాము. పానా సైజు అడిగితే మొదట తప్పు తెచ్చి ఇచ్చాము. షెడ్డులో పనిచేసే చిన్నపిల్లలు నవ్వారు. ఎనిమిదో తరగతి తమ్ముడి ప్రశ్నకు మేము నవ్విన నవ్వు మాకు తిరిగి వచ్చింది. పరవాలేదు. ఇప్పుడు ఇంజను హెడ్డు దించి మళ్ళీ బిగించడం వచ్చింది.

కాబట్టి తమ్ముళ్ళారా, నాయుడు గారి నుంచి మనం తీసుకోవలసింది బడి మానేయడం కాదు, బండి విప్పడం. అంబేద్కర్ గారి కాగితం ఒక చేతిలో, నాయుడు గారి పానా ఒక చేతిలో ఉండాలి. కాగితం లేకపోతే గేటు దగ్గరే ఆపేస్తారు, రెండు వేల రూపాయల కారును ఆపినట్టు. పానా పట్టడం రాకపోతే లోపలికి పోయినా అద్దం దగ్గరే నిలబడి చూస్తాము.

మన హాస్టల్లో వార్డెను గారినీ, పెద్దలనూ ఒక చిన్న కోరిక కోరుతున్నాము. మూలన పడి ఉన్న పాత నీళ్ళ మోటారు, పాడైన ఫ్యాను, తుప్పుపట్టిన సైకిలు పాత ఇనుము అంగడికి వేయకండి. కరెంటు తీగ తగిలించకుండా, పెద్దవాళ్ళు ఒకరు పక్కన ఉండి, ఆదివారం పూట పిల్లల చేత వాటిని విప్పించండి. పోయిన ఏడాది ప్రశ్న అడిగిన తమ్ముడిని మొదట పిలవండి. మొదటి పానాల పెట్టె మా బ్యాచి మిత్రుల తరఫున ఈ వార్షికోత్సవానికే తెస్తున్నాము.

తమ్ముడూ, నీ కారు ఎప్పుడు వస్తుందో మాకు తెలియదు. కానీ అది వచ్చే రోజున నీవు అద్దం అవతల నిలబడి చూసేవాడివి కాకూడదు. దాని లోపల ఏముందో పక్కవాళ్ళకు చెప్పగలిగేవాడివి కావాలి.

ఇట్లు
మీ అన్నలలో ఒకరు
చాపాడు హాస్టల్ పూర్వ విద్యార్థి